ముండ్లు లేని గడియారము

వృద్ధాప్యమున నిద్ర పలుచనగును; కలలు చిక్కనగును. ఇది శాస్త్రవాక్యము కాదు, అరువదియేండ్లు దాటిన నాబోటి వాని యనుభవము. అట్టి కలలను గూర్చియే స్వీడను దేశపు చలనచిత్రమొకటి గలదు. 1957వ సంవత్సరమున ఇంగ్మార్ బెర్గ్‌మన్ అను దర్శకుడు దానిని తీసెను. మా మనుమడు ఒక రాత్రి ఇంటి టెలివిజనులో నాకు చూపినాడు. ఆ భాష నాకు రాదు. క్రింద నడచు ఇంగ్లీషు అక్షరములు చదువుకొనుచు చూచితిని. సినిమాను గూర్చి మాటాడుటకు బడిపంతులున కేమి యధికారమని శ్రోతలు తలంపవచ్చును. ఆ చిత్రమున పరీక్ష యొకటి యున్నది. పరీక్షలను గూర్చి నాకు కొంచెము తెలియును.

చిత్రము పేరు 'స్ముల్‌ట్రాన్‌స్టెల్లెట్'. అడవి స్ట్రాబెరీలు దొరకు తావు అని యర్థము. మనసునకు మిక్కిలి ప్రియమైన చోటును గూడ ఆ దేశస్థులు ఆ మాటతోనే చెప్పుకొందురు.

కథానాయకుడు ఐసాక్ బోర్గ్, డెబ్బదియెనిమిదేండ్ల వైద్యాచార్యుడు. పట్టము పుచ్చుకొని యేబదియేండ్లు నిండినందున లుండ్ నగరపు విశ్వవిద్యాలయము ఆయనను గౌరవింపదలచినది. స్టాక్‌హోము నుండి విమానమున పోవలసినవాడు, వేకువజామున పీడకల గని లేచి, మోటారు కారులోనే పోవుటకు నిశ్చయించును. కోడలు మారియన్ వెంట వచ్చును. ఒక పగటి ప్రయాణము, కథ యంతియే.

ఆ కల యెట్టిదనగా: జనసంచారము లేని వీథి. ఎండ సున్నమువలె తెల్లగాను, నీడలు కాటుకవలె నల్లగాను ఉండును. వీథిలో వ్రేలాడు గడియారమునకు ముండ్లు లేవు. తన జేబుగడియారము తీసి చూచును, దానికిని లేవు. అటు తిరిగి నిలిచిన మనిషిని భుజము తాకి పిలుచును. ఇటు తిరిగిన వానికి ముఖమే లేదు. తోలువాడు లేని శవశకటము వచ్చి, చక్రము దీపస్తంభమునకు తగులుకొని, కీచుమని మొరయును. పెట్టె క్రిందపడును. అందుండి చేయి చాచి తన్ను లాగుచున్న శవము తానే.

సంస్కృతమున స్నేహశబ్దమునకు నూనె యనియు, ప్రేమ యనియు రెండర్థములు. ఆ చక్రపు కీచుధ్వని విన్నప్పుడు నాకు ఆ శబ్దము జ్ఞప్తికి వచ్చినది. అట్లని బోర్గ్ దుష్టుడు కాడు. పూర్వము తాను వైద్యము చేసిన ప్రాంతమున, పెట్రోలు పోయువాడు ఆయన చేసిన మేలు తలచి డబ్బు పుచ్చుకొనడు. మర్యాద గలవాడు, మాట తప్పనివాడు. లోపము ఆ మర్యాదలోనే యున్నది. మనుష్యులు కూడినచోట పరుల నడవడిని విమర్శించుటయే పని గనుక తాను సాంగత్యమును మానుకొంటినని చిత్రారంభమున చెప్పుకొనును. వినుటకు వైరాగ్యమువలె నున్నది. నేనును మొదట తలయూపితిని. కాని విరాగి తనదానిని విడుచును. ఈయన దేనిని విడువలేదు, ఎవరికిని ఇయ్యలేదు. కుమారుడు ఎవాల్డ్‌కు సొమ్ము అప్పిచ్చినాడు. తనకు ధనము కొదువలేకున్నను, మాట మాటయే గనుక తీర్చవలసినదే యనును. కుమారుడు తన్ను గౌరవించునని నమ్మకము. కారులో కోడలు నెమ్మదిగా చెప్పును: నిజమే, ద్వేషించును గూడ.

ఇచ్చట నా సంగతి యొకటి చెప్పక తప్పదు. మా వాడు ఇల్లు కట్టుకొనునప్పుడు నేనును కొంత సొమ్ము అప్పుగా నిచ్చితిని. నెల తప్పక పంపుచు తీర్చినాడు. నేను నెల తప్పక రసీదు వ్రాసి పంపితిని. ఆ రసీదులు చక్కని దస్తూరితో నుండెనని నాకు సంతోషము గూడ నుండెను.

దారిలో బోర్గ్ తన తల్లిని చూడబోవును. తొంబదియేండ్లు దాటినది. పాత ఆటబొమ్మల పెట్టె తెరచి చూపును; తనకెప్పుడును చలియే యనును. మనుమనికి బహుమానముగా నియ్యదలచిన బంగారు గడియారము తీయును. దానికిని ముండ్లు లేవు! అప్పుడు మారియన్ ముఖము చూడవలెను. ఆమె గర్భవతి, భర్త బిడ్డ వలదనుచున్నాడు. అవ్వ, తండ్రి, కొడుకు, మూడు తరములుగా మంచు పేరుకొనుచు వచ్చినది. నాల్గవ తరము తన కడుపున నున్నది.

పరీక్ష ఈ తరువాతి కలలో వచ్చును. సూక్ష్మదర్శినిలో చూడుమనగా ఆచార్యునకు తన కన్నే కనబడును. నల్లబల్లమీది వాక్యము చదువలేడు. వైద్యుని ప్రథమధర్మమేది యని యడుగగా మరచినాడు. క్షమ వేడుట యని పరీక్షకుడే చెప్పును. రోగిని చూచి, చనిపోయినదనును. ఆమె కన్నులు తెరచి పకపక నవ్వును. అసమర్థుడని తీర్పు. నేను ముప్పదియేండ్లకు పైగా ఎఱ్ఱసిరాతో పిల్లల పత్రములు దిద్దితిని. బల్లకు ఆవలివైపున కూర్చుండుట యెట్లుండునో అంతవరకు తలపునకు రాలేదు.

భాసుని స్వప్నవాసవదత్తమున ఉదయనుడు నిదురలో పలవరింపగా, మృతురాలనుకొన్న భార్య ప్రక్కననే యుండును. అచట కల దయ గలది. ఇచట నిజముగనే మృతురాలైన భార్య కలలో పరపురుషునితో చెప్పును: తాను తప్పు ఒప్పుకొన్నను భర్త కోపింపడు, క్షమించుటకేమియు లేదనును, ఆ మాటలో వేడి యుండదు. ఆ అపరాధమునకు శిక్ష యేమని బోర్గ్ అడుగును. వాడుక ప్రకారము ఏకాంతమేనట.

ఇంత ముసలితనమును వ్రాసిన బెర్గ్‌మన్‌కు అప్పటికి నలువదియేండ్లు నిండలేదు. ఆసుపత్రిలో నుండి వ్రాసెను. బోర్గ్ వేషధారి విక్టర్ షోస్ట్రోమ్ 1879లో పుట్టినవాడు, మూగచిత్రముల కాలపు గొప్ప దర్శకుడు. 1921లో మృత్యుశకటమును గూర్చియే యొక చిత్రము తీసియుండెను. ఈ చిత్రమునకు 1958లో బెర్లిన్ ఉత్సవమున ప్రథమబహుమానము వచ్చినది. 1960 జనవరిలో ఆయన గతించెను. ఆయన ముఖము లేనిచో ఈ చిత్రము లేదని నా తలంపు.

సన్మానము ముగిసిన రాత్రి బోర్గ్ కుమారుని పిలిచి అప్పు మాట యెత్తును. మాఫీ చేయుటకే కాబోలు. కుమారుడు, మీ సొమ్ము మీకు వచ్చునులే యనును. ముసలివాని నోట మాట రాదు. నేను చిత్రము చూచిన మరునాడు మా వానికి ఫోను చేసితిని. ఆ పాత అప్పు సంగతి అనగానే, "నాన్నగారూ, ఇంకేమైనా బాకీ ఉన్నదా?" అని యడిగినాడు. ఏమి చెప్పుటకును తోచక, మీ ఊర వాన కురియుచున్నదా యని యడిగితిని.

నలువదియేండ్లు ఇంట పనిచేసిన ఆగ్డా యను ఆమెతో, ఇక మనము చనవుగా 'నీవు' అనుకొందమా యని బోర్గ్ అడుగును. ఆమె ఒప్పుకొనదు, ఈ వయసున అది తగదనును. కాని తలుపు ఓరగా తెరచియుంచి పోవును, కావలసినచో పిలువుమని. తరువాత నిదురలో, బాల్యమున తాను ప్రేమించిన సారా వచ్చి, చేయి పట్టుకొని నీటి యొడ్డునకు తీసికొనిపోవును. అచట తండ్రి గాలము వేయుచున్నాడు, తల్లి దగ్గర కూర్చున్నది. ఇద్దరును చేయి యూపుదురు.

మా మనుమడు దీపము వేయబోయెను. కొంచెముసేపు వలదంటిని.