సర్క్యులర్ పిలిస్తే రారు, మనిషి పిలిస్తే వస్తారు
(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగా ఉన్నప్పుడు నేను సర్క్యులర్లు బాగా రాస్తానని పేరు. మన కోర్కెలతో శాసనసభ్యుని కలుద్దాం రండని ఒకసారి 180 మందికి కార్డులు వేశాను. వచ్చింది 11 మంది. సభ్యుల్లో చైతన్యం లేదని విసుక్కున్నాను.

తర్వాత ఒక పరిశోధన సంగతి చదివాను. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయ ఆచార్యులు అలన్ గెర్బర్, డొనాల్డ్ గ్రీన్ 1998 ఎన్నికల ముందు న్యూ హేవెన్ పట్టణంలో సుమారు 30 వేల మంది ఓటర్లను చీట్లు తీసినట్టు విడదీశారు. కొందరి ఇళ్ళకు మనుషులను పంపారు, కొందరికి ఉత్తరాలు వేశారు, కొందరికి ఫోన్లు చేయించారు, కొందరి జోలికే పోలేదు. ఏ పార్టీ మాటా ఎత్తలేదు. ఓటు వేయండి, అంతే. తర్వాత పోలింగు రికార్డులు చూస్తే, మనిషి ఇంటికి వెళ్ళినచోట ఓటింగు బాగా పెరిగింది. ఉత్తరాల వల్ల కాస్త పెరిగింది. ఫోన్ల వల్ల లాభం లేదు.

ఆ ఊరు వేరు, మన వీధి వేరు. పైగా అది ఓటు సంగతి. అయినా చూద్దామని మరో మిత్రునితో కలిసి 20 ఇళ్ళు తిరిగాను. ఇంటికి అరగంట పట్టింది. మోకాళ్ళ నొప్పుల కబుర్లయ్యాకే అసలు విషయం. ఒక ఇంట్లో కుటుంబ పెన్షన్ తీసుకునే సోదరి అన్నారు: "అన్నయ్యగారూ, ఆయన పోయి ఆరేళ్ళయింది. మీ కార్డులు ఇంకా ఆయన పేరు మీదే వస్తున్నాయి." తల ఎత్తలేకపోయాను. ఆ జాబితా నేను తయారుచేసిందే.

తర్వాతిసారి ఆ 20 ఇళ్ళ నుంచి 13 మంది వచ్చారు. శాసనసభ్యుని ముందు అందరికంటే సూటిగా మాట్లాడింది ఆ సోదరే. మనమేమో ఉద్యోగకాలమంతా ప్రవర్తనా నియమావళికి జడిసినవాళ్ళం; ఆ జంకు ఇంకా వదల్లేదు.

గడప తొక్కితే ఇంకో ప్రయోజనం ఉంది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో 85 ఏళ్ళు దాటినవారికి ఇంటి వద్దే ఓటు వేసే వీలు కల్పించారు. కానీ నోటిఫికేషన్ వెలువడిన 5 రోజుల్లో 12-డి ఫారం ఇవ్వాలి. మంచం మీదున్న పెద్దాయనకు ఆ సంగతి ఎవరు చెప్పాలి?

మన జాబితా ఆ బల్ల మీద ఉంది. వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరు మీ వీధిలోని 5 పేర్లు రాసుకోండి. గతించినవారి పేరు కొట్టేసి, ఆ ఇంట్లో ఉన్నవారి పేరు అడిగి రాయండి.