సుద్దముక్క ఎవరి చేతికివ్వాలి?

 

సాఫ్ట్‌వేర్‌లో నేను చేసే పనేమిటో, అందులో నాయకత్వం గురించి ఏం నేర్చుకున్నానో చెప్పమని స్వర్ణోత్సవ కమిటీ వారు అడిగారు. మా అమ్మకి ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను. ఆవిడ లెక్కలో అదింకా ‘కంప్యూటర్ పనే’. మీ దగ్గరైనా నెగ్గుతానేమో చూద్దాం.

నన్ను ప్రోడక్ట్ మేనేజర్ అంటారు. కోడ్ రాసేది నేను కాదు. ఏది తయారుచెయ్యాలి, ఏది ముందు, ఏది తర్వాత, ఏది అసలు వద్దు అని తేల్చడం నా పని. పెళ్లింట్లో గరిటె పట్టకుండా, ఏయే వంటలు ఎందరికి చెయ్యాలో చెప్పే పెద్దమనిషి లాంటివాణ్ణి. వంట కుదరకపోతే మాటలు పడేది కూడా ఆయనే.

ఒకప్పుడు సాఫ్ట్‌వేర్ అంటే నెలల తరబడి కాగితాల మీద ప్రణాళిక రాసి, ఏడాదికో రెండేళ్లకో తయారుచేసి ఇచ్చేవారు. అప్పటికి వాడేవారి అవసరమే మారిపోయేది. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే చోట 17 మంది నిపుణులు సమావేశమై అజైల్ మేనిఫెస్టో అనే చిన్న ప్రకటన తయారుచేశారు. దాని సారాన్ని నా మాటల్లో చెప్తాను: కొంచెం తయారుచెయ్యి, వాడేవాళ్లకి చూపించు, వాళ్లు చెప్పింది విని దిద్దుకో. పద్ధతుల కన్నా మనుషులు, వాళ్ల మధ్య మాట ముఖ్యం.

మా జట్టు స్క్రమ్ అనే పద్ధతిలో పనిచేసేది. రెండు వారాలకో విడత, దాన్ని స్ప్రింట్ అంటాం. రోజూ 15 నిమిషాలు అందరం కలుసుకుంటాం. స్ప్రింట్ చివర, చేసిన పని చూపించి, ఎక్కడ తప్పామో మాట్లాడుకుంటాం. ఇవన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తూనే నేను పెద్ద తప్పు చేశాను.

అప్పుడు మేం పల్లెల్లోని పాల కేంద్రాలకు సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. పాలు పోయగానే లీటర్లు, వెన్న శాతం, రావలసిన డబ్బు ముద్రించిన చీటీ చేతికొచ్చేది. కాగితం ఖర్చు, ప్రింటర్ల మరమ్మతులు దండగనిపించాయి. చీటీ తీసేసి ఫోన్‌కి సందేశం పంపుదామని నిర్ణయించాను. ఉదయపు సమావేశంలో, చేరి ఆరు నెలలైనా కాని ఒక టెస్టర్ అమ్మాయి లేచి, “సార్, చాలామంది ఆడవాళ్ల పేరు మీద ఉన్న నంబరు వాళ్ల కొడుకుదో భర్తదో. వాళ్లకి సందేశం ఎలా చేరుతుంది?” అంది. “మంచి పాయింటే, బ్యాక్‌లాగ్‌లో వెయ్యి, తర్వాత చూద్దాం” అన్నాను. బ్యాక్‌లాగ్ అంటే చెయ్యవలసిన పనుల జాబితా. అందులో అడుక్కి పోయింది పైకి రావడం అరుదు. ఆ అమ్మాయి కూర్చుంది. ఆ తర్వాత చాలా రోజులు సమావేశాల్లో నోరు విప్పలేదు.

అనుకున్న రోజుకే పని ముగించాం. మా పట్టికలన్నీ పచ్చగా ఉన్నాయి. వారం తిరక్కుండా ఫిర్యాదులు మొదలయ్యాయి. ఒక ఊరు వెళ్లాను. కేంద్రం దగ్గర ఒక పెద్దావిడ క్యాను దించకుండా నిలబడి ఉంది. “చీటీ ఏది బాబూ? ఫోను మా అబ్బాయి దగ్గరుంది. డబ్బు వాడి చేతిలో పడుతుంది. నా పాలు ఎన్నో, నా డబ్బెంతో చెప్పేది ఆ ముక్కే కదా!” అంది.

నేను దండగనుకున్న కాగితం ఆవిడ కష్టానికి సాక్ష్యం. తర్వాతి స్ప్రింట్‌లో చీటీ తిరిగి పెట్టాం. అంతకంటే కష్టమైన పని, జట్టు మొత్తం ముందు ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పడం. “నువ్వు చెప్పావు, నేనే వినలేదు” అన్నాను.

అప్పటి నుంచి మూడు నియమాలు పెట్టుకున్నాను. సమావేశంలో అందరికంటే చిన్నవాళ్లు ముందు మాట్లాడాలి, నేను చివర. ఏ నిర్ణయమైనా తీసుకునే ముందు దాన్ని వాడే మనిషిని స్వయంగా కలవాలి. ఎవరైనా “ఆగండి” అంటే, కారణం వినకుండా ముందుకు పోకూడదు. జపాన్‌లో టొయోటా కర్మాగారాల్లో లోపం కనిపిస్తే మామూలు కార్మికుడు కూడా తాడు లాగి ఉత్పత్తి వరుసను ఆపించగలిగే ఏర్పాటు ఉండేది. తాడు కట్టడం సులువు. లాగినవాడిని విసుక్కోకుండా ఉండటమే నాయకత్వం.

నిజానికి ఇది నాకు ఈ బడిలోనే తెలిసి ఉండాల్సింది. మన లెక్కల మాస్టారు బోర్డు మీద లెక్క చేస్తూ కావాలనే ఎక్కడో తప్పు వేసేవారు. పట్టుకున్నవాడు వెనక బెంచీవాడైనా సరే, పిలిచి సుద్దముక్క చేతికిచ్చి, “నువ్వు దిద్దు” అని పక్కకి జరిగి నిలబడేవారు. ఒకసారి ఆయన నిజంగానే తప్పు చేశారు. అప్పుడూ సుద్దముక్క ఇచ్చారు.

ఇక్కడున్న పిల్లలకి నా మాట ఒక్కటే. రేపు మీరూ నలుగురిని నడిపిస్తారు. ఆ రోజు మీ తప్పు చూపినవాడి నోరు నొక్కకండి. సుద్దముక్క ఇచ్చి పక్కకి జరగండి.

సెలవు.