ఏటి నీరు, లెక్కల సంతానము



మాది సాయంకాలపు తరగతిలో నేర్చిన తెలుగు. చెరకు తోటలలో మా తాతగారు మాట్లాడిన తెలుగు కాదు. తప్పులుంటే మన్నించండి.

ఉమ్‌గేని నది సముద్రములో కలిసే చోటు మనకందరికీ తెలుసు. అక్కడ పూజలు చేసినాము, పెద్దల అస్థికలు కలిపినాము, పిల్లలను నీళ్లలో ఆడనిచ్చినాము. 2022 ఏప్రిల్ వరదలలో డర్బన్ మురుగునీటి శుద్ధి కేంద్రములు దెబ్బతిని, మురుగు నదులలోకి, సముద్రములోకి పోయినది. స్నానపు తీరములు మూసినారు. "నీళ్లు ఎప్పుడు బాగుపడతాయి?" అని మా మనుమరాలు అడిగినది. మావద్ద జవాబు లేదు. బడిపంతుళ్లము గదా, జవాబు ఎట్లా కడతారో చదవడము మొదలుపెట్టినాము.

1925లో అమెరికాలో స్ట్రీటర్, ఫెల్ప్స్ అనువారు ఒహాయో నది కోసము ఒక లెక్క వ్రాసినారు. మురుగు కుళ్లుతూ నీటిలోని ప్రాణవాయువును తినివేస్తుంది. పైగాలి నుండి నీరు మళ్లీ కొంత తీసుకొంటుంది. ఈ రెండు వేగములు ఒక్కొక్క నదికి వేరు. లెక్క చెప్పినది, నదిలో కొలిచినది దగ్గరయ్యేదాకా ఆ అంకెలను సవరించవలెను. ఇప్పటి లెక్కలలో అటువంటి అంకెలు చాలా ఉంటవి. సూక్ష్మక్రిములు చచ్చే వేగము కూడా ఒకటి. చేతితో సవరిస్తూ కూర్చుంటే తెల్లవారుతుంది.

1975లో జాన్ హాలండ్ గారి పుస్తకము ప్రకృతి నడిచే దారిని కంప్యూటరుకు చూపినది. అంకెల జట్లు ఒక నూరు గుడ్డిగా వేసుకొంటారు. కొలతకు దగ్గరగా వచ్చిన జట్లే తల్లిదండ్రులు. వాటి అంకెలు కలిపి పిల్లలను పుట్టిస్తారు, అక్కడక్కడ ఒక అంకె మారుస్తారు, మళ్లీ ఏరుతారు. మౌంట్ ఎడ్జ్‌కూంబ్‌లో రెండు చెరకు రకములను కలిపి మంచి పిల్లలను ఏరుకొన్నట్లే! పెల్లెటియర్, చాప్రా, టావ్ గార్లు 2006లో ప్రకటించిన క్వాల్ టూ కే డబ్ల్యూ అను నదీజలముల లెక్కలో ఈ పద్ధతి ఉన్నది.

కాని ఇక్కడ ఒక మోసమున్నది. పులుసులో చింతపండు ఎక్కువైతే మన ఆడవారు బెల్లము వేసి సరిచేస్తారు. రుచి కుదిరినది, కాని రెండూ ఎక్కువే. అట్లాగే తినే వేగమూ, తిరిగి వచ్చే వేగమూ రెండూ ఎక్కువ వేసినా కొలిచిన ఒకటి రెండు చోట్ల ప్రాణవాయువు సరిపోవచ్చును. కంప్యూటరు సంతోషిస్తుంది. చలికాలములో వానలు లేక ఏరు సన్నబడినప్పుడు ఆ లెక్క తప్పుతుంది. దాన్ని నమ్మి తీరము తెరిస్తే నీళ్లలో దిగేది మన పిల్లలే.

అందుకని తెలిసినవారు కుళ్లే వేగమును విడిగా కొలుస్తారు. ఏటి నీరు సీసాలో పట్టి, 20 డిగ్రీల వేడిలో, చీకటిలో ఉంచి, రోజు రోజుకు ఎంత ప్రాణవాయువు తగ్గినదో చూస్తారు. ఒక కాలపు కొలతలతో సరిచేసిన లెక్కను వేరొక కాలపు కొలతలతో పరీక్షిస్తారు. మా దృష్టిలో కంప్యూటరుకన్న ఈ సీసాయే పెద్ద పంతులు.

ఇదంతా మనుమరాలికి చెప్పినాము. తేదీ మాత్రము చెప్పలేకపోయినాము. ఆమె సీసా ఎంత పెద్దదని అడిగినది. 300 మిల్లీలీటర్లు అన్నాము.