నడుము నొప్పికి మంచం మందు కాదు



తెలుగులో నడుము నొప్పి అన్నా, కన్నడంలో సొంట నోవు అన్నా, మన రాయచూరు జిల్లాలో ఆ బాధ ఎరగని ఇల్లు అరుదు. సింధనూరు, మాన్వి తాలూకాల్లో తుంగభద్ర ఎడమ కాలువ కింద నాట్లు వేసే ఆడవాళ్లను చూడండి. పొద్దున వంగిన నడుము సాయంత్రానికి గాని లేవదు. మాబోటి ఉపాధ్యాయులకు బల్లమీదికి వంగి నోటు పుస్తకాలు దిద్దడమే వరినాట్లు!

రెండేళ్ల కిందట నీళ్ల బిందె ఎత్తబోతే నాకు నడుము పట్టేసింది. ఒక పెద్దాయన మాట విని పది రోజులు మంచం దిగలేదు. లేచేసరికి నొప్పి అలాగే ఉంది, కాళ్లలో సత్తువ మాత్రం పోయింది. నాకు జీతం ఆగలేదు, సరే. కూలికి వెళ్లే తల్లి పది రోజులు మంచం పడితే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేదెలా?

1995లో వెలువడిన ఒక పరిశీలన సంగతి వినండి. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో, అప్పుడే నడుము పట్టేసిన నగరపాలక ఉద్యోగుల్లో కొందరిని రెండు రోజులు పడుకోమన్నారు. కొందరికి వ్యాయామాలు నేర్పారు. మిగతావారిని ఓర్చుకోగలిగినంత మేరకు రోజువారీ పనులు చేసుకోమన్నారు. త్వరగా కోలుకున్నది ఈ చివరివారే.

కొత్త నొప్పి సంగతి అది. మూడు నెలలు దాటిన నొప్పికి వ్యాయామం కావాలి. ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టించుకోవడమని మనలో చాలామంది అనుకుంటారు. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల్లో వ్యాయామానికి, మర్దనకు చోటుంది. నడుము బెల్టు, బరువులు కట్టి లాగే ట్రాక్షన్ మామూలు చికిత్సగా వద్దంది. ఉప్పు మూట కాపడం హాయినిస్తుంది, కాదనను. ఆ హాయి ఉన్న కాసేపట్లోనే లేచి నాలుగడుగులు నడవాలి.

న్యూజిలాండ్‌లో రాబిన్ మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టు ఉండేవారు. 1956లో, నడుము నుంచి కాలిలోకి నొప్పి పాకిన ఒక రోగి ఆయన గదిలో బల్లమీద బోర్లా పడుకున్నాడు. తలవైపు బల్ల ఎత్తుగా ఉండిపోయింది, ఎవరూ గమనించలేదు. ఐదు నిమిషాలు నడుము వెనక్కి వంగి ఉండేసరికి కాలి నొప్పి పోయిందట! ఆ పొరపాటు నుంచే ఒక చికిత్సా పద్ధతి పుట్టింది.

మీరూ చాపమీద బోర్లా పడుకుని, మోచేతులు ఆనించి, ఛాతీ మెల్లగా పైకెత్తి చూడండి. కాలిలోని నొప్పి నడుము వైపు తగ్గుతూ వస్తే మంచి సూచన. కాలి కిందికి దిగుతుంటే వెంటనే మానండి. ఈ వ్యాయామం అందరికీ పడదు. కొందరికి వెల్లకిలా పడుకుని మోకాళ్లు పొట్టమీదికి తెచ్చుకుంటేనే హాయి. ఎవరికేది పనికొస్తుందో ఫిజియోథెరపిస్టు పరీక్షించి చెబుతారు.

మూత్రం ఆగినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, పాదం లేవకపోయినా ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లండి. రోజూ జ్వరం వస్తూ బరువు తగ్గుతుంటే వెన్నుకు క్షయ కావచ్చు, వ్యాయామాలతో కాలం గడపకండి.

నాట్లకు వెళ్లే అమ్మలారా, అరగంటకోసారి నిటారుగా లేచి, రెండు చేతులూ నడుముకు ఆనించి ఐదుసార్లు వెనక్కి వంగండి. నిమిషం కూడా పట్టదు. మేస్త్రీ కోప్పడితే రేడియోలో చెప్పారనండి. సెలవు.