క్రైస్తవ సంఘములు – మార్పు, నిష్ఠ



ఒకే గ్రంథమును చదివి, ఒకే దేవుని ప్రార్థించు క్రైస్తవ సంఘములలో కొన్ని మార్పును త్వరితముగ స్వీకరించుచుండ, మఱికొన్ని పూర్వాచారమును విడువకుండుటకు కారణమేమి? మొదటివారు విజ్ఞులనియు, రెండవవారు మూఢులనియు తలంచుట సులభము; కాని అది సత్యము గాదు. దీనిని గ్రహించుటకు కడప, కర్నూలు సీమల చరిత్రయే చాలును.

ఈ సీమలో ప్రొటెస్టెంటు శాఖలు ముఖ్యముగ మూడు వేళ్లూనినవి. లండను మిషను 1822లో కడపకు వచ్చినది. ముత్యాలపాడు, నంద్యాల ప్రాంతములలో ఆంగ్లికను శాఖకు చెందిన ఎస్.పి.జి. మిషను పనిచేసినది. కర్నూలు పట్టణమున అమెరికను బాప్టిస్టు మిషను స్థిరపడినది. మూడింటను చేరినవారిలో అధికులు ఊరికి వెలుపల నుంచబడిన పేదలే. నేల ఒక్కటే, కరవులు ఒక్కటే. అయినను 1947లో వారి దారులు వేఱైనవి.

ఆ సంవత్సరము సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికను, మెథడిస్టు, దక్షిణ ఇండియా ఐక్య సంఘములు కలిసి దక్షిణ ఇండియా సంఘముగ నేర్పడినవి. ఆ యత్నమునకు 1919లో తరంగంబాడి సమావేశమున బీజము పడినది. దానికి ముఖ్యుడైన దోర్నకల్ బిషప్పు అజరయ్య ఆ ఫలమును చూడకయే 1945లో కన్నుమూసెను.

కడప లండను మిషను సంఘములు ఐక్యతలో సులభముగ చేరినవి. ఏ యొక్క సంఘపాలనా విధానమును జనులపై మోపరాదనుట ఆ మిషను తొలినాటి నియమము. విడువవలసినది స్వల్పము గనుక కలియుట కష్టము గాలేదు.

నంద్యాల ఆంగ్లికనుల సంగతి వేఱు. బిషప్పుల పరంపర అపొస్తలుల నుండి తెగక వచ్చినదనియు, ఆ పరంపరలో అభిషేకము పొందినవాడే ప్రభుభోజన సంస్కారమును జరుపదగుననియు వారి విశ్వాసము. అట్టి అభిషేకము లేని బోధకులను సమానులుగ నంగీకరించినచో పరంపర తెగునని పెక్కురు భయపడి వెలుపల నిలిచిరి. అజరయ్య మేత్రాసనమునకు చెందినవారే ఆయన కోరిన ఐక్యతకు దూరమైరి.

బాప్టిస్టులును చేరలేదు. విశ్వాసమును స్వయముగ నొప్పుకొనినవారికే బాప్తిస్మమనియు, ప్రతి స్థానిక సంఘము స్వతంత్రమనియు వారి మూలసూత్రములు. శిశువులకు బాప్తిస్మమిచ్చు, బిషప్పుల పాలన గల సంఘముతో వారికి పొసగలేదు.

మిద్దె గోడకు సున్నము మార్చుటకు ఎవడును వెనుదీయడు. దూలమును కదల్చుమన్నచో ఇంటివాడు వెనుకాడును. ఒకరికి సున్నమైనది వేఱొకరికి దూలము. అంతేగాక, గుడి వాకిలి కూడ తొక్కనీయబడని వారికి సంఘము తొలిసారిగ గౌరవమిచ్చినది. ఆ ఆరాధనను మార్చుమన్నప్పుడు, కష్టించి పొందిన గౌరవము చేజాఱునేమో యను భయము కలుగుట సహజము.

అయినను నిష్ఠ శాశ్వతముగ కదలనిది గాదు. 1963లో నంద్యాల ప్రత్యేక మేత్రాసనమైనది. 1970 దశకమున దక్షిణ ఇండియా సంఘములో చేరినది. 1947 తరువాత ఆ సంఘమున క్రొత్త గురువులందఱు బిషప్పుల చేతనే అభిషేకము పొందుచుండుటచే పూర్వపు భయమునకు ఆధారము తగ్గినది. పిదప 2013 సెప్టెంబరులో ఆ నంద్యాలకే పుష్పలలిత బిషప్పైనది. దక్షిణ ఇండియా సంఘమున తొలి స్త్రీ బిషప్పు ఆమెయే. ఇంగ్లండు సంఘమున తొలి స్త్రీ బిషప్పు 2015లో గాని అభిషిక్త గాలేదు. ఒకనాడు ఐక్యతకే జంకిన నంద్యాల ఈ విషయమున ఇంగ్లండునకు ముందు నడచినది!

దీనికి అధికార వ్యవస్థయు నొక కారణము. అధికారము పైనున్న సంఘము ఆలస్యముగ కదలినను, నిర్ణయమైన పిమ్మట మొత్తముగ కదలును. ప్రతి సంఘము స్వతంత్రమైనచోట ఒక ఊరు ముందు నడచును, ప్రక్క ఊరు నిలిచియుండును. అయితే పైనుండి వచ్చిన శాసనము మాత్రమున మనస్సు మాఱదు. ఊరూర బోధించిన స్త్రీలు, మిషను బడులలోని ఉపాధ్యాయినులు, ఆసుపత్రులలోని దాదులు అనేక సంవత్సరములు సేవించి జనుల మనస్సులను సిద్ధపఱచిరి.

ఇది క్రైస్తవులకు మాత్రమే చెందిన పాఠము గాదు. ఏ కులమునందైనను, ఏ మతమునందైనను సంస్కరణ కోరువారు ఎదుటివారు దేనిని దూలముగ భావించుచున్నారో ముందు తెలిసికొనవలెను. నిష్ఠ గలవారు తాము కాచుచున్నది దూలమో, సున్నమో పరీక్షించుకొనవలెను. ఇరువైపుల వాదములను ఒకే బల్లపై నుంచి చదువనిచ్చు గ్రంథాలయము ఈ రెండు పనులకును తగిన చోటు.