పాత ట్రాక్టరు, ఉప్పుగాలి
(మైపాడు రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేం నలుగురం కలిసి పాత మాసీ 1035 కొన్నప్పుడు "ఇనపసామాను కొట్టుకా?" అని నవ్వినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. నవ్వండి, తప్పులేదు. కానీ కొత్త బండి కంతుల సంగతి మనందరికీ తెలుసు. ఎడగారుకి నీళ్లందకపోతే పంట పోతుంది గానీ కంతు ఆగదు. రెండు కంతులు తప్పితే బండి గుమ్మం ముందు ఉండదు. అందుకే అప్పు జోలికి పోకుండా, చేతిలో ఉన్నంతలోనే బాగుచేసుకుందామనుకున్నాం.

ఈ మోడలే ఎందుకంటే, దాని సింప్సన్ ఇంజను మన మేస్త్రీలకు కొట్టిన పిండి. సామాను నెల్లూరులోనే దొరుకుతుంది.

బేరం కంటే ముందు కాగితాలు చూశాం. ఆర్సీలోని ఇంజను, ఛాసీ నంబర్లు బండి మీద ఉన్నవాటితో కలవాలి. ఫైనాన్సు తీరినట్టు కాగితం లేకపోతే బయానా కూడా ఇవ్వొద్దు. రిజిస్ట్రేషను 15 ఏళ్లకు ముగుస్తుంది, తర్వాత బండిని చూసి 5 ఏళ్లకోసారి పొడిగిస్తారు. అన్నట్టు, నిబంధనల్లో మన ట్రాక్టరు రవాణా వాహనం కాదు. 2017లో దాన్ని ఆ జాబితాలో చేర్చాలని కేంద్రం ముసాయిదా తెస్తే, రైతులు ఎదురుతిరిగాకే వెనక్కి తగ్గింది. ఇది మరిచిపోవద్దు.

ఇక మా తెలివితక్కువ పని చెబుతాం. బండి ఇంటికి రాగానే రంగు వేయించాం! ఎర్రగా మెరిసిపోతూ నెల తిరక్కుండానే కాగిపోయి పొలంలో ఆగింది. హెడ్డు విప్పితే నీటి దారులు గార కట్టి సగం పూడుకుపోయాయి. పాత ఆసామి ఏళ్లతరబడి బోరు నీళ్లే పోశాడు. సముద్రం పక్క బోరు నీళ్లు ఎట్టా ఉంటాయో మీకు చెప్పాలా? రేడియేటరు మార్చాం. ఇప్పుడు డిస్టిల్డ్ నీళ్లలో కూలెంటు కలిపి పోస్తున్నాం.

తర్వాత సెల్ఫు మొండికేసింది. బ్యాటరీ పోయిందనుకుని కొత్తది కొన్నాం. అయినా తిరగలేదు. చివరికి చూస్తే ఛాసీకి బిగించిన ఎర్తు తీగ కొన చిలుము పట్టి ఉంది. గరుకు కాగితంతో రుద్ది, బిగించి, గ్రీజు పూస్తే ఒక్క తాకుడుకి లేచింది. ఆ బ్యాటరీ డబ్బుతో సీళ్లన్నీ వచ్చేవి. దమ్ములో బురదనీరు ముందు హబ్బుల్లోకి పోతుంది. సీలు మార్చడానికి బద్ధకిస్తే బేరింగు పోతుంది. దమ్ము అయిన సాయంత్రమే మంచినీళ్లతో కడిగి, పాత గ్రీజు బయటికొచ్చేదాకా గన్నుతో కొట్టాలి. గేరు ఆయిలు పాలలా తెల్లబడితే నీరు కలిసినట్టే.

మన వీలుకు చేసుకున్న మార్పులు కొన్నే. నీడకు పైన గొడుగు, వెనక ఎల్‌ఈడీ దీపం, డైనమో స్థానంలో ఆల్టర్నేటరు, నడుము నొప్పి భరించలేక కొత్త సీటు. పంపు తిప్పి డీజిలు పెంచితే బలం వస్తుందని ఒకాయన అన్నాడు. వచ్చేది నల్లపొగ, పోయేది క్లచ్చు. వద్దన్నాం. ఇంజను మార్చాలన్నా, ఛాసీ కోసి అతకాలన్నా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉంది, ఆర్టీవోను అడక్కుండా చేయకండి.

బ్రేకులు, స్టీరింగు, పీటీవో తొడుగు దగ్గర మాత్రం మేం రూపాయి కూడా మిగుల్చుకోలేదు. లుంగీ కొన షాఫ్టుకి చుట్టుకుంటే మనిషిని వెనక్కి లాక్కోవడానికి టైముండదు. రోడ్డెక్కేటప్పుడు రెండు బ్రేకు పెడళ్లకీ కొక్కెం వేయండి. వేగంలో ఒక్క చక్రమే ఆగితే బండి తిరగబడుతుంది.

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరు టైర్లు, ట్యూబులు, కొన్ని విడిభాగాల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లు అడిగి, అందులో ఎంత వేశారో చూడండి. ప్రభుత్వ రాయితీలు కొత్త యంత్రం కొనేవాడికే దక్కుతున్నాయి, పాతది నిలబెట్టుకునే చిన్న రైతుకి ఏమీ లేదు. మరమ్మతుకూ సాయం కావాలని మన సంఘం అర్జీలో రాయాలని మా కోరిక.

మా జాకీ, గ్రీజు గన్ను, పెద్ద స్పానర్ల పెట్టె మా ఇంటి దగ్గర వసారాలో ఉంటాయి. కావాల్సినవాళ్లు పట్టుకెళ్లండి, దమ్ము రోజుల్లో మాత్రం సాయంత్రానికి తెచ్చిచ్చేయండి.