రక్తమందలి కావలివారు

(లంజిపల్లిలో చేసిన ప్రసంగము)



బోదకాలు మన గంజాము సీమకు క్రొత్త వ్యాధి కాదు. క్యూలెక్సు దోమకాటుచే సంక్రమించు పురుగులే దీనికి కారణము. ఈ వ్యాధికి వాడు డైఇథైల్‌కార్బమజీను అను మందు 1947లో అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాల నుండి వెలువడినది. ఆ పరిశోధనలకు నాయకులు, 1895లో భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

ఈ మందునందొక వింత గలదు. గాజు నాళికలో నున్న పురుగుపిల్లలపై ఇది అంతగా పనిచేయదు. దేహములో మాత్రము అవి త్వరలోనే రక్తమునుండి మాయమగును. కాలేయమందలి భక్షకకణములు వానిని చుట్టుముట్టి మ్రింగుట శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మందుతోపాటు మన దేహభటులును పోరాడుచున్నారన్నమాట.

ఈ భటులే మాక్రోఫేజులు. శత్రువును వారు గుర్తించుటెట్లు? రక్తములో పూరకములనబడు మాంసకృత్తులు ముప్పదికి పైగా కలవు. వానిలో సమృద్ధమైనది సి-3. సూక్ష్మజీవి ప్రవేశింపగా ఇది చీలి, సి-3బి అను తునక దాని మేనికి అంటుకొనును. చాకలి బట్టపై పెట్టు గుర్తు వంటిదే యిది. మామూలు స్థితిలోని మాక్రోఫేజు ఆ గుర్తును పట్టుకొనును గాని, దానినిబట్టి మాత్రమే మ్రింగజాలదు. టి-కణముల సందేశముచే ఉత్తేజితమైన పిదప మ్రింగి జీర్ణము చేసికొనును. మరి ఆ గుర్తు మన కణములపైననే పడినచో? మాక్రోఫేజు మీది గ్రాహకము సి-3బిని పట్టియుంచగా, రక్తమందలి ఐ-ఘటకము దానిని ఖండించును. పట్టుటయు రక్షణయే, విరుచుటయు రక్షణయే.

ఈ సంగతి యెందులకు చెప్పుచున్నాననగా, మాత్రలు మ్రింగిన పిదప కొందరికి జ్వరము, తలనొప్పి వచ్చును. "లేని రోగము తెచ్చిపెట్టిరి" అని భయపడి మాత్రలను మూలబెట్టువారు కలరు. ఆ జ్వరము సాధారణముగా రక్తములో పురుగుపిల్లలు చచ్చుటవలన కలుగునదే. ఒకటి రెండు దినములలో తగ్గును. తగ్గనిచో వైద్యుని చూడవలెను. పెద్దపురుగు ఏండ్లతరబడి బ్రతుకును గనుక, ఒక్క యేడు మ్రింగి ఊరకుండిన చాలదు. రెండేండ్లలోపు శిశువులు, గర్భవతులు, తీవ్రరోగులు తప్ప తక్కినవారందరును భోజనానంతరము, పంచువారి యెదుటనే మ్రింగుట మేలు.

ఈ వ్యాధి నిర్మూలనకు భారత ప్రభుత్వము 2027వ సంవత్సరమును గడువుగా నిర్ణయించినది. దోమకు తెలుగువాడని, ఒడియావాడని భేదము లేదు. ఒక్క యిల్లు మాత్రలు మానినను వీధికంతకును ముప్పే. మన యిల్లు అట్టిది కాకుండుగాక!